ఏటిగట్టు మీద ఎక్కడ ఆగాలి?

రాజమండ్రిలో బయల్దేరి గోదావరి వెంట యానాం దాకా కారులో వెళ్ళేవాళ్ళు ఎక్కడెక్కడ ఆగుతారో అందరికీ తెలిసిందే. ధవళేశ్వరం బ్యారేజీ మీద రెండు ఫొటోలు, ఆత్రేయపురంలో పూతరేకులు, ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి, ద్రాక్షారామంలో భీమేశ్వరుడు, ఆఖరికి యానాం. మధ్యలో వచ్చే కాలువలూ వరిచేలూ కొబ్బరితోటలూ కారు అద్దం దించి చూడ్డానికే సరిపోతాయి, ఆగి చూడ్డానికి కావు అన్నట్టుంటుంది వరస. నిజానికి ఈ దారిలో అన్నిటికన్నా ముఖ్యమైన కట్టడం కారు చక్రాల కిందే ఉంది. జొన్నాడ నుంచి కపిలేశ్వరపురం మీదుగా కోటిపల్లి వైపు, గౌతమి పాయ పక్కన రోడ్డు చాలాచోట్ల ఏటిగట్టు మీదుగానే సాగుతుంది. అక్కడ ఎక్కడైనా బండి ఆపి అటూ ఇటూ చూడండి. ఒకవైపు లంకలు, వాటిలో అరటితోటలు, ఆవల నీళ్ళు. రెండోవైపు పల్లంలో ఊరు. పెద్ద వరదొస్తే ఏట్లో నీరు ఆ ఊరి నేలకన్నా ఎత్తున పారుతుంది. అంటే మనం ప్రకృతి అందమని మురిసిపోతున్నది చాలావరకు మనుషులు మట్టి మోసి, రాయి పేర్చి నిలబెట్టుకున్న అందం. ఆ సంగతి తెలిసే చోట్లనే ఆగాలన్నది ఈ వ్యాసం వాదన.

అందుకు ధవళేశ్వరమే మొదటి సాక్ష్యం. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన ఆనకట్ట 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా, మధ్య లంకలను కలుపుకుంటూ కట్టారు. ఇప్పుడు మనం కారులో దాటేది ఆ పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి తయారైన గేట్ల బ్యారేజీ. ఇక్కడే గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా విడిపోతుంది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలన్నిటికీ నీరు వదిలేదీ ఇక్కడే. వంతెన మీద నిలబడి నది వెడల్పు చూసి వెళ్ళిపోయేవాళ్ళు, ఒడ్డున కాలువ మొదలయ్యే తూముల దగ్గర కాసేపు నిలబడితే ఇంకా ఎక్కువ తెలుస్తుంది. కిందనున్న లక్షల ఎకరాలకు నీరు వెళ్ళాలంటే ఆ తలుపులు లేవాల్సిందే.

కాటన్ రాకముందు ఈ నేల ఎడారేమీ కాదు కదా అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. ద్రాక్షారామమే దానికి రుజువు. తూర్పు చాళుక్యుల కాలం నాటి ఆ గుడిలో రాళ్ళ మీద వందల శాసనాలున్నాయి. అఖండదీపాలకని ఆవులను, గొర్రెలను ఇచ్చినవాళ్ళు, భూములు రాసిచ్చినవాళ్ళు వాటిలో కనిపిస్తారు. కలిగిన సీమ కాకపోతే అన్ని దానాలు రావు. అయితే ఆ కలిమి వానలనూ వరదలనూ నమ్ముకున్నది. ఏరు నిండుగా పారుతున్నా చేను ఎండే కాలం అది. 1832-33 నాటి నందన కరువు ఈ ప్రాంతాన్ని ఎంత కుంగదీసిందంటే, 1821 నుంచి 1841 లోపల రాజమండ్రి జిల్లా జనాభా పెరక్కపోగా తగ్గింది. ఆనకట్ట కట్టించిన కంపెనీ ప్రభుత్వం శిస్తు లెక్కలు చూసుకునే డబ్బిచ్చింది, అందులో దాపరికం లేదు. ఊరూరా కాటన్ దొర విగ్రహం నిలబెట్టుకున్న మనం ఆ లెక్కనూ, రాళ్ళెత్తిన కూలీలనూ కూడా గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది. ద్రాక్షారామాన్ని ధవళేశ్వరం తర్వాత చూస్తే, ఆ శాసనాల్లోని సంపద ఎంత గొప్పదో, వాన మొహం చాటేస్తే ఎంత నిలకడలేనిదో రెండూ అర్థమవుతాయి.

ఆత్రేయపురం దగ్గరి లొల్ల లాకుల సంగతి వేరు. సినిమావాళ్ళకు ఈ చోటు బాగా తెలుసు, మిగతావాళ్ళలో చాలామంది పూతరేకుల డబ్బా ఒళ్ళో పెట్టుకుని దీన్ని దాటిపోతారు. మధ్య డెల్టా ప్రధాన కాలువ చీలే తావు ఇది. లాకు పనిచేసే తీరు చూడముచ్చటగా ఉంటుంది. కాలువలో ఎగువ మట్టం వేరు, దిగువ మట్టం వేరు. కింది నుంచి వచ్చిన పడవను రెండు జతల తలుపుల మధ్యకు తెచ్చి, వెనక తలుపులు మూసి, ఎగువ నుంచి నీరు వదులుతారు. తొట్టిలో నీరు ఎగువ మట్టానికి లేచేసరికి పడవా లేస్తుంది, ముందు తలుపులు తెరుస్తారు. ధాన్యం, కొబ్బరి, మనుషులు ఇలాగే మెట్టు మెట్టుగా ప్రయాణించారు. లారీలు వచ్చాక పడవలు పోయాయి, లాకులు మిగిలాయి. పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది, సంతోషమే. బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డను ఒక్కసారి లాగి రేకు తీసే చెయ్యికి ఏ గుర్తింపైనా తక్కువే. ఆ బియ్యం పండించే నీటి దారికి కూడా పది నిమిషాలివ్వడం పెద్ద కష్టం కాదు.

విహారానికి వచ్చినవాళ్ళకు ఈ పాఠాలెందుకు, హాయిగా చూసి పోనివ్వొచ్చుగా అనేవాళ్ళుంటారు. హాయికి అడ్డేమీ లేదు. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్న యానాంలో ఆగే కార్లన్నీ చరిత్ర కోసమే ఆగవని అందరికీ తెలుసు, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. కానీ చూసేది ఏమిటో తెలియకపోతే దాన్ని పాడుచేయడం సులువు. గట్టును వెడల్పు చేసి, అంచున హోటళ్ళూ వ్యూ పాయింట్లూ కట్టాలన్న కోరిక అలాంటిదే. గట్టు మొదటి పని నీటిని ఆపడం, రోడ్డుగా పనికిరావడం ఆ తర్వాతి మాట. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర దాదాపు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు గోదావరి జిల్లాలకు ఆ తేడా బాగా తెలిసింది. హోటల్ ఊళ్ళో కట్టుకోవచ్చు, అక్కణ్ణించి గట్టు మీదికి నడిచి రావచ్చు.

ఎప్పుడు వెళ్ళాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. జులై, ఆగస్టు నెలల్లో బయల్దేరేవాళ్ళు ముందు ధవళేశ్వరం నీటిమట్టం కనుక్కోవాలి. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. రెండో హెచ్చరిక వచ్చిందంటే సరదా కార్లకు గట్టు మీద పనిలేదు. ఇసుక బస్తాలు మోసుకొచ్చే ట్రాక్టర్లకూ, లంకల నుంచి గొడ్డూ గోదాతో ఒడ్డెక్కేవాళ్ళకూ అప్పుడు ఆ దారి కావాలి.