దిఘాలో జనం పెరిగె... తీరం తరిగె

సాలువా (ఖరగ్‌పూర్): ఖరగ్‌పూర్ తెలుగువారికి అందుబాటులో ఉన్న సాగర విహార కేంద్రం దిఘా. పట్టణ శివార్లలోని సాలువా మొదలు రైల్వే కాలనీల వరకు, రెండు రోజులు సెలవు కలిసివస్తే కుటుంబాలకు గుర్తుకు వచ్చే సముద్రం అదే. 2025 ఏప్రిల్ 30న అక్కడ జగన్నాథాలయం ప్రారంభం కావడంతో విహారానికి తీర్థయాత్ర కూడా తోడయింది. కాగా, యాత్రికులను ఇంతకాలం ఆకర్షించిన ఇసుక తీరం మాత్రం ఏటికేడు కోతకు గురవుతోంది. రద్దీని చూసి సంతోషిస్తున్న దిఘా ముందున్న అసలు సమస్య ఇదే.

పశ్చిమ బెంగాల్‌లోని పూర్వ మేదినీపూర్ జిల్లాలో, ఒడిశా సరిహద్దును ఆనుకుని ఉన్న ఈ ప్రాంతం 18వ శతాబ్దిలో బీర్‌కుల్ పేరిట ఆంగ్లేయుల వేసవి విడిది. వారెన్ హేస్టింగ్స్ దీనిని ప్రాచ్యదేశపు బ్రైటన్‌గా అభివర్ణించాడు. 1923లో ఇక్కడికి వచ్చి స్థిరపడిన జాన్ ఫ్రాంక్ స్నెయిత్ అనే ఆంగ్ల వ్యాపారి, స్వాతంత్య్రానంతరం ముఖ్యమంత్రి డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ దృష్టికి ఈ తీరాన్ని తీసుకువెళ్లాడు. 2004లో రైలు మార్గం దిఘా వరకు పూర్తి కావడంతో సామాన్యునికి సైతం సముద్రం చేరువయింది. ఖరగ్‌పూర్ నుంచి వెళ్లేవారు పాన్‌స్కురా వద్ద హల్దియా మార్గంలోకి మళ్లి, తమ్లుక్, కాంథీల మీదుగా దిఘా చేరవచ్చు. రోడ్డు మార్గాన దూరం నూరు కిలోమీటర్లకు పైబడి ఉంటుంది.

గుడితో మారిన రూపం

రాష్ట్ర ప్రభుత్వం సుమారు రూ. 250 కోట్ల వ్యయంతో, పూరీ ఆలయాన్ని పోలిన రీతిలో జగన్నాథాలయాన్ని నిర్మింపజేసింది. 2025 జూన్ 27న ఇక్కడ తొలి రథయాత్ర జరిగింది. ఆలయం పేరులో 'ధామ్' అన్న మాటను చేర్చడంపై ఒడిశాలో అభ్యంతరాలు వ్యక్తమైనప్పటికీ యాత్రికుల రాకకు అది అవరోధం కాలేదు. వసతి గృహాల యజమానులు, బ్యాటరీ రిక్షాల వారు, జీడిపప్పు, ఎండుచేపల దుకాణదారులు, అందరి బతుకుతెరువూ ఈ రద్దీతోనే ముడిపడి ఉంది. కాంథీ పరిసరాల్లోని జీడిపప్పు బట్టీలను చూసిన ఉత్తరాంధ్ర వారికి పలాస గుర్తుకు రాక మానదు.

గోడ కట్టినా ఆగని కోత

పాత దిఘాలో పోటు వేళ నిలబడటానికి ఇసుక దొరకదు. అలలు నేరుగా వచ్చి రాతి కట్టను తాకుతాయి. కట్ట వెనుక ఉన్న రోడ్డును, కట్టడాలను అది కాపాడుతున్న మాట వాస్తవమే. అయితే గోడకు తగిలి వెనుదిరిగే అల దాని పాదం వద్ద ఉన్న ఇసుకను తోడుకుపోతుంది. గోడ ముగిసిన చోట కోత మరింత ఉద్ధృతమవుతుంది. మన ఉప్పాడ తీరంలో సైతం గోడ కట్టినా కడలి ఆగకపోవడం తెలిసిందే. 2021 మే 26న 'యాస్' తుపాను ఒడిశాలో తీరం దాటిన రోజే పౌర్ణమి పోటు కూడా కలిసిరావడంతో, సముద్రం ఈ కట్టను దాటి దిఘా వీధుల్లోకి ప్రవేశించింది.

సమీపంలోని మందార్‌మణిది మరో కథ. తీరప్రాంత నియంత్రణ నిబంధనలకు విరుద్ధంగా కట్టారంటూ సుమారు 140 హోటళ్లను కూల్చివేయాలని 2024 నవంబరులో జిల్లా యంత్రాంగం ఆదేశించింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2022లో ఇచ్చిన ఉత్తర్వు దీనికి ఆధారం. యజమానులు ఆశ్రయించగా కలకత్తా హైకోర్టు ఆ ఆదేశంపై మధ్యంతర స్టే ఇచ్చింది. కూల్చితే వేలాది మంది ఉపాధి పోతుందన్నది ఒక వాదన. ఇసుక తిన్నెలపై కట్టడాలు వెలిస్తే రేపు అలలకు అడ్డు నిలిచేదేదన్నది మరో వాదన. రెండింటిలోనూ సత్యం ఉంది. అయితే తీరమే లేని నాడు హోటలుకు వచ్చేవారు ఉండరన్నది నిర్వివాదాంశం.

యాత్రికులు గమనించవలసినవి

విశాఖ సముద్రానికి అలవాటుపడినవారు దిఘాలో ప్రత్యేకంగా జాగ్రత్త వహించాలి. హుగ్లీ నదీముఖానికి చేరువలో ఉన్న ఈ తీరంలో ఆటుపోట్ల వ్యత్యాసం చాలా ఎక్కువ. ఆటు వేళ నీరు బహుదూరం వెనుకకు పోయి, పోటుతో వేగంగా తిరిగివస్తుంది. కనుక స్నానానికి దిగేముందు పోటు వేళలను విచారించుకోవడం అవసరం. పాత దిఘా రాళ్ల వద్దకంటె కొత్త దిఘాలోని ఇసుక తీరం స్నానానికి అనువైనది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం ఆహ్లాదకరంగా ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతటా మరపడవల చేపలవేట నిషేధం కావడంతో మోహనా చేపల రేవులో ఆ రోజుల్లో సందడి తగ్గుతుంది.

నీటిలో చిక్కుకున్నవారిని కాపాడే సిబ్బందిని ఇక్కడ 'నులియా'లంటారు. పూరీ తీరంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు మత్స్యకారులకు వాడుకలో ఉన్న పేరే ఇది కావడం విశేషం. రైలు కర్మాగారంలో పనికై వచ్చి ఖరగ్‌పూర్‌ను సొంత ఊరు చేసుకున్నవారి వారసులకు, ఆ పిలుపు పరాయిది కాదు. నులియా ఈల వేసి వెనుకకు రమ్మంటే వెంటనే రావడం ప్రాణరక్షణకు తొలి సూత్రం. తీరం విషయంలోనూ సముద్రం అటువంటి హెచ్చరికనే చేస్తోంది. దానిని ఆలకించవలసిన బాధ్యత పాలకులది, వ్యాపారులది.