పెట్టెకు అడుగెక్కడ?

ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌ని కంప్యూటర్‌లో ఎక్కించుకుంటే దాంతోపాటు పురుగులు కూడా ఉచితంగా వస్తాయి. కంగారు పడకండి, పురుగుల లెక్కలే. ఆరు రకాల మందులు కొట్టి, ఒక్కో మందుకు 12 చోట్ల పురుగుల్ని లెక్కపెడితే వచ్చిన 72 అంకెల పట్టిక అది. బీల్ అనే పరిశోధకుడు 1942లో బయోమెట్రికా పత్రికలో ప్రచురించినవి. మందులకు పేర్లు లేవు, ఎ నుంచి ఎఫ్ దాకా అక్షరాలే.

బాక్స్‌ప్లాట్ అనే ఆదేశం ఇచ్చి, ఏ అంకెల్ని దేని ప్రకారం విడదీయాలో చెబితే చాలు. ఒక్క పంక్తి. ఆరు పెట్టెలు వరుసగా నిలబడతాయి. సి, డి, ఇ పెట్టెలు దాదాపు నేలబారుగా, ఎ, బి, ఎఫ్ పెట్టెలు బాగా పైన. ఏ మందులు పనిచేశాయో విడమరిచి చెప్పక్కర్లేదు.

కానీ డి పెట్టెని కాస్త దగ్గరగా చూడండి. పెట్టె మధ్యలో ఉండాల్సిన అడ్డగీత కనిపించదు. మొదటిసారి చూసినవాళ్ళు సాఫ్ట్‌వేర్ గీయడం మరిచిపోయిందనుకుంటారు. డి అంకెల్ని చిన్న నుంచి పెద్దకు పేర్చి చూద్దాం: 2, 3, 3, 4, 4, 5, 5, 5, 5, 5, 6, 12. పదో తరగతి లెక్కల్లో చదువుకున్న మధ్యగతం ఇక్కడ 5. కింది ఆరు అంకెలకు మళ్ళీ మధ్యగతం తీస్తే 3.5, అది పెట్టె అడుగు. పై ఆరింటికి తీస్తే 5, అది పెట్టె కప్పు. అంటే గీత మాయం కాలేదు, కప్పుకు అతుక్కుపోయింది.

ఇక మీసాలు, అంటే పెట్టె నుంచి పైకీ కిందికీ సాగే గీతలు. పెట్టె ఎత్తు 1.5. దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 2.25, కప్పుకు కలిపితే 7.25. మీసం అక్కడిదాకా పోతుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఆ హద్దు లోపల నిజంగా ఉన్న చివరి అంకె 6, మీసం అక్కడే ఆగుతుంది. 12 ఒంటరి చుక్కగా బయట మిగులుతుంది.

ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినవాడు అమెరికా గణాంకవేత్త జాన్ ట్యూకీ. 1977లో వచ్చిన ఆయన పుస్తకం ఎక్స్‌ప్లోరేటరీ డేటా అనాలసిస్ పెన్సిలూ కాగితంతో లెక్కలు చేసుకునేవాళ్ళకోసం రాసింది. (ఇలాంటి బొమ్మనే మేరీ ఎలినార్ స్పియర్ 1952లోనే గీసింది. ఆమె పేరు తలుచుకునేవాళ్ళు తక్కువ.) సగం చేసి, మళ్ళీ సగం చేయడం పెన్సిల్‌కి తేలిక. అలా వచ్చిన అంచులకు తలుపు బందులు అనే అర్థంలో ఆయన హింజ్ అని పేరు పెట్టాడు.

అసలు తకరారు ఇక్కడే. ఇవే 12 అంకెల్ని ఎక్సెల్‌కి ఇవ్వండి. 2016 నాటి ఎక్సెల్ నుంచి ఈ బొమ్మ అందులోనూ ఉంది. మనమేమీ మార్చకపోతే అడుగు 3.25 దగ్గర పడుతుంది. ఆర్‌లోనే జీజీప్లాట్2 అనే ప్యాకేజీతో గీస్తే 3.75. అందరి కప్పూ 5 దగ్గరే, అడుగులే మూడు రకాలు! ఎవరూ తప్పు చేయలేదు. పావు వంతు మూడో అంకెకీ నాలుగో అంకెకీ మధ్య ఎక్కడో పడుతుందని ముగ్గురూ ఒప్పుకుంటారు, ఆ 3కీ 4కీ మధ్య సరిగ్గా ఎక్కడన్నదే పేచీ. సాఫ్ట్‌వేర్లు వాడే ఇలాంటి సూత్రాల్ని హైండ్‌మన్, ఫ్యాన్ అనే గణాంకవేత్తలు 1996లో పోగుచేస్తే తొమ్మిది తేలాయి. వేల అంకెలుంటే ఈ తేడా కంటికి ఆనదు. 12 ఉన్నప్పుడు ఆనుతుంది. అందుకే బొమ్మ కింద ఏ సాఫ్ట్‌వేర్‌తో గీశారో రాయకపోవడం బద్ధకమే అంటాను.

బయటి చుక్కని చూడగానే చెరిపేయాలనిపిస్తుంది. తొందరొద్దు. అచ్చమైన గంట ఆకారపు విభజనలో కూడా వెయ్యికి ఏడు దాకా ఆ హద్దులు దాటుతాయి. ఆ 12 రాతలో దొర్లిన పొరపాటో, నిజంగానే పురుగులు ఎక్కువున్న చోటో పెట్టె చెప్పలేదు.

ఇంత తక్కువ అంకెలున్నప్పుడు నేనైతే పెట్టె మీద చుక్కలన్నీ కూడా వేస్తాను. స్ట్రిప్‌చార్ట్ ఆదేశంతో వాటిని కాస్త అటూ ఇటూ చెదరగొట్టి వేయొచ్చు. ముందుగా పెట్టె ఆదేశంలో బయటి చుక్కలు వద్దని చెప్పాలి, లేకపోతే 12 రెండుసార్లు పడి రెండు చుక్కల్లా కనిపిస్తుంది. అప్పుడు డి పెట్టె కప్పు మీద ఐదు 5లు పిట్టగోడ మీద పిచ్చుకల్లా బారుతీరి కనిపిస్తాయి.