ఫ్రాయిడు లేఖలు దక్కిన విధము

మనశ్శాస్త్రమున క్రొత్త త్రోవ త్రొక్కిన సిగ్మండు ఫ్రాయిడు తన కాగితములను దాచుకొను స్వభావము గలవాడు కాడు. 1885వ సంవత్సరముననే పాత లేఖలను, వ్రాతప్రతులను నాశనమొనర్చి, తన చరిత్ర వ్రాయబోవువారికి శ్రమ కల్పించితినని కాబోవు భార్యకు వేడుకగా వ్రాసెను.

అట్టివాడు 1887 మొదలు 1904 వఱకు బెర్లిను వైద్యుడగు ఫ్లీసు అను మిత్రునకు వందలకొలది లేఖలు వ్రాసెను. స్వప్నములను గూర్చిన ఆయన సిద్ధాంతము మొలకెత్తుట వానియందే కాననగును. 1928లో ఫ్లీసు మరణించిన పిమ్మట, ఆయన భార్య వలన అవి యొక పుస్తకవర్తకుని చేరెను. ఫ్రాయిడు చేత బడినచో బూడిద యగునని యామె భయము. ఆ భయము నిరాధారము కాదు. వానిని కొనిన శిష్యురాలు, రాకుమారి మరీ బోనపార్టును, లేఖలను రూపుమాపుమని ఫ్రాయిడు కోరెను. ఆమె యొప్పుకొనలేదు. గురువు మాట మీఱుట తగదనువారుందురు గాని, ఆమె మీఱుటయే మేలయ్యెనని నా యభిప్రాయము.

1938లో జర్మనులు ఆస్ట్రియాను ఆక్రమించిన పిదప, వియన్నా బాంకులో దాచిన యా లేఖలను ఆమె స్వయముగా వెలికి దెచ్చెను. యుద్ధకాలమున అవి పారిసులోని డెన్మార్కు రాయబారి కార్యాలయమున నుండెను. తుదకు నీరు చొరని గుడ్డలో చుట్టబడి, సముద్రము దాటి లండను చేరెను.

దాచుట యొక పని. పంచుట వేఱొక పని. లేఖలలో రోగుల రహస్యములును గలవు గదా! కావున 1950లో అచ్చయిన సంపుటమున ననేక భాగములు విడువబడెను. సంపూర్ణ ముద్రణము 1985లో గాని రాలేదు. వాషింగ్టనులోని కాంగ్రెసు గ్రంథాలయము తన యొద్దనున్న ఫ్రాయిడు కాగితములను, పెక్కింటిని ఏండ్ల తరబడి మూసియుంచి, 2017లో ఇంటనుండియే యెవరైన చూచునట్లు అంతర్జాలమున నుంచెను.

ఫ్లీసు వ్రాసిన ప్రత్యుత్తరములు మాత్రము, ఏ కొన్నియో తప్ప, మిగులలేదు.