టీబీ ఉన్న ఒంట్లో నులిపురుగులు

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం టీబీ శానిటోరియానికి ఒకప్పుడు అంతుపట్టని రోగులు కొందరు వచ్చేవారు. దగ్గు, ఆయాసం, జ్వరం, చిక్కిపోవడం, ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా చిన్న చిన్న మచ్చలు. చూస్తే అంతా క్షయే. కానీ తెమడలో క్షయ క్రిమి దొరకదు, రక్తంలో ఇసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు విపరీతంగా ఉంటాయి. ఫ్రిమోట్-మోలర్, బార్టన్ అనే వైద్యులు 1940లో దీన్ని క్షయను పోలిన వేరే జబ్బుగా ప్రకటించారు. ఫైలేరియా పురుగులే కారణమని తర్వాత తేలింది.

పురుగు క్షయలా కనిపించడం ఒక చిక్కు. రెండూ ఒకే ఒంట్లో ఉండటం అంతకన్నా పెద్ద చిక్కు.

ఉదాహరణకు కొంకిపురుగు (హుక్‌వార్మ్). ప్రకాశం జిల్లా కొత్తపట్నం తీరం లాంటి ఇసుక నేల, కాస్త తడీ నీడా ఉంటే, దాని పిల్లలకు బాగా అనుకూలం. ఆరుబయట మలంలో పడిన గుడ్లు పిగిలి, పిల్లలు మట్టిలో ఎదుగుతాయి. ఉత్త కాళ్లతో నడిచేవాళ్ల చర్మం దొలుచుకుని రక్తంలోకి, ఊపిరితిత్తుల్లోకి, అక్కణ్ణుంచి గొంతుకెక్కి, మింగినప్పుడు పేగులోకి చేరతాయి. పేగును కరిచిపట్టుకున్న ఒక్కో పురుగు వల్ల రోజుకు పోయే రక్తం 0.03 నుంచి 0.2 మిల్లీలీటర్లే. వంద పురుగులుంటే మూడు నుంచి ఇరవై మిల్లీలీటర్లు. అసలే రక్తం తక్కువైన మిరప కోత కూలీకి అది చిన్న నష్టం కాదు. టీబీ రోగులకు పోషణ కోసం ప్రభుత్వం 2024 నవంబరు నుంచి నెలకు వెయ్యి రూపాయలు ఇస్తోంది. ఆ డబ్బుతో తిన్న గుడ్డూ పాలూ ఒంటికి పట్టాలంటే ముందు పేగు బాగుండాలి.

రక్తం పోవడంతోనే అయిపోదు. క్షయ క్రిమి మన రక్షక కణాల లోపలే దాక్కుంటుంది. దాన్ని చంపేలా ఆ కణాలను ఉసిగొలిపేది ఇంటర్‌ఫెరాన్-గామా అనే ప్రోటీన్. పురుగులు చేరితే శరీరం మరో రకం పోరాటానికి మళ్లుతుంది. ఇసినోఫిల్స్ పెరుగుతాయి, ఇంటర్‌ఫెరాన్ జోరు తగ్గుతుంది. లోపల టీబీ నిద్రాణంగా ఉండి, పేగులో పురుగులూ ఉన్నవాళ్లలో ఈ తేడాను చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు చూపించారు. పురుగుల మందు వేశాక అది చాలావరకు సర్దుకుంది కూడా.

అయితే పురుగుల మందు టీబీని నయం చేయదు. ఇథియోపియాలోని గోండార్‌లో పురుగులున్న టీబీ రోగులకు ఆల్బెండజోల్ ఇచ్చి చూస్తే ఇసినోఫిల్స్ తగ్గాయి గానీ, రెండు నెలలకు టీబీ లక్షణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. టీబీ మందులు పూర్తికాలం వాడాల్సిందే.

నన్ను కలవరపెట్టేది పెద్దవాళ్ల సంగతి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇచ్చే ఆల్బెండజోల్ బిళ్ల పందొమ్మిదేళ్ల వయసు వరకే. టీబీ తేలిన పెద్దవాళ్లకు షుగరు, హెచ్‌ఐవీ పరీక్షలు చేస్తారు. మల పరీక్ష మాత్రం సాధారణంగా అడిగితేనే. ఇది మారాలి.

ఒక పురుగు విషయంలో ఆలస్యం అసలు పనికిరాదు. స్ట్రాంగిలాయిడిస్ అనే సన్నపురుగు ఒంట్లోనే ఏళ్ల తరబడి సంతతిని పెంచుకోగలదు. మెదడు పొరలకు టీబీ సోకితే స్టెరాయిడ్లు ఇస్తారు. వాటివల్ల ఈ పురుగు అదుపు తప్పి ఒళ్లంతా పాకితే ప్రాణం పోవచ్చు. దీనికి ఒక్క ఆల్బెండజోల్ బిళ్ల చాలదు, ఐవర్‌మెక్టిన్ కావాలి. రోగి ఇసుక చేలల్లో ఉత్త కాళ్లతో పనిచేసిన మనిషైతే, స్టెరాయిడ్ మొదలుపెట్టేటప్పుడే ఆ మాట డాక్టరుకు ఇంటివాళ్లు చెప్పాలి.