పేరులేని ప్రాయం: మగపిల్లల కౌమార మార్పులు - తెలుగు సమాజంలోని మౌనం

తెలుగు సమాజంలో ఆడపిల్ల శారీరక పరిణతికి పేర్లు అనేకం. రజస్వల కావడం, పుష్పవతి కావడం, సమర్తాడటం, ఈడేరడం, పెద్దమనిషి కావడం - వీటిలో ఏ మాట వాడినా వినేవారికి వెంటనే అర్థమవుతుంది. దానికొక వేడుక, పేరంటం, చిమ్మిలి, మేనమామ తెచ్చే బట్టలు ఉన్నాయి. ఆ వేడుకలోని మంచిచెడ్డలు వేరే చర్చ. మగపిల్లవాడి విషయంలో ఇటువంటి వాడుకమాట ఒక్కటీ స్థిరపడలేదు. ‘నూనూగు మీసాల ప్రాయం’, ‘గొంతు మారింది’ వంటివి పైకి కనిపించే గుర్తులను చెబుతాయే గాని లోపలి మార్పును చెప్పవు. కొన్ని కుటుంబాల్లో జరిగే పంచెల వేడుక, ఉపనయనం కూడా వయసును, ముహూర్తాన్ని, కుటుంబ వీలును బట్టి నిర్ణయమయ్యేవే. దేహంలోని మార్పును గుర్తించి చేసేవి కావు. మగపిల్లలకు కౌమారాన్ని వివరించడంలో ఎదురయ్యే తొలి అవరోధం ఈ పదాల లేమిలోనే ఉంది.

దేహంలో జరిగేది

మగపిల్లల్లో యౌవనారంభం సాధారణంగా 9 నుంచి 14 ఏళ్ల మధ్య మొదలవుతుంది. మెదడులోని హైపోథాలమస్ సంకేతంతో పీయూషగ్రంథి వృషణాలను ప్రేరేపిస్తుంది. వృషణాలు టెస్టోస్టిరాన్ హార్మోనును అధికంగా స్రవించడం ప్రారంభిస్తాయి. లోకం మీసంతో లెక్క మొదలుపెడుతుంది. వైద్యశాస్త్రం మాత్రం వృషణాల పరిమాణం పెరగడాన్ని తొలి గుర్తుగా పరిగణిస్తుంది. మీసం బాగా ఆలస్యంగా వచ్చే లక్షణం. కనుక ‘ఇంకా చిన్నపిల్లవాడే’ అని పెద్దలు భావించే కాలంలోనే మార్పు చాలా దూరం సాగి ఉంటుంది. 9 ఏళ్లకు ముందే గుర్తులు కనిపించినా, 14 దాటినా కనిపించకపోయినా వైద్యుణ్ణి సంప్రదించడం అవసరం.

ఎత్తు పెరిగే వేగం మగపిల్లల్లో ఆడపిల్లలకంటే దాదాపు రెండేళ్లు ఆలస్యంగా పతాకస్థాయికి చేరుతుంది. ఏడు, ఎనిమిది తరగతుల్లో ఆడపిల్లలు పొడవుగా కనిపించడానికి కారణం ఇదే. ఈ ఒక్క విషయం ముందుగా తెలిస్తే ‘పొట్టివాడు’ అనే ఎగతాళికి పదును తగ్గుతుంది. స్వరపేటిక పెరిగి స్వరతంత్రులు పొడవు, మందం కావడంవల్ల గొంతు కొంతకాలం అదుపు తప్పుతుంది. మొటిమలు, చెమట వాసన సంగతి అందరికీ తెలిసినదే.

అంతగా ప్రస్తావనకు రానిది రొమ్ముల వాపు. సుమారు సగంమంది మగపిల్లల్లో కౌమారంలో ఒక రొమ్ము గాని రెండూ గాని కొంత ఉబ్బి, తాకితే నొప్పి పుడుతుంది. హార్మోన్ల నిష్పత్తిలో తాత్కాలికంగా వచ్చే తేడాయే ఇందుకు కారణం. చాలామందిలో ఒకటి రెండేళ్లలో దానంతటదే తగ్గిపోతుంది. ఈ సంగతి తెలియని పిల్లవాడు భుజాలు వంచి నడుస్తాడు, చొక్కా విప్పవలసి వస్తుందని ఈతకు వెళ్లడం మానుకుంటాడు, తన మగతనాన్నే శంకిస్తాడు. అడగడానికి మనిషి ఉండడు, అడగడానికి మాటా ఉండదు.

మౌనంలో పెరిగిన భయం

స్వప్నస్ఖలనం ఈ మౌనానికి అత్యంత తీవ్రమైన ఉదాహరణ. వీర్యోత్పత్తి మొదలైన తరువాత నిద్రలో అది వెలువడటం సహజమైన దేహధర్మం. అందువల్ల బలహీనత రాదు, జబ్బు రాదు. అయితే ఆయుర్వేదం చెప్పిన సప్తధాతువుల వరుసలో శుక్రం చివరిది. ఆ వరుస జనవ్యవహారంలోకి వచ్చేసరికి వీర్యం పోతే ఒంట్లోని సారమే పోయినట్లన్న నమ్మకంగా మారింది. ఈ నమ్మకంవల్ల పుట్టే నీరసాన్ని, ఆందోళనను గుర్తించిన మానసిక వైద్యుడు ఎన్.ఎన్. విగ్ 1960లో దానికి ‘ధాత్ సిండ్రోమ్’ అని పేరు పెట్టాడు. నష్టం వీర్యంవల్ల కాదు, నమ్మకంవల్ల. ఇల్లు, బడి చెప్పనిదాన్ని ‘నరాల బలహీనత’ గోడ ప్రకటనలు చెబుతాయి. అటువంటి ప్రకటనలను నియంత్రించే చట్టం 1954 నుంచీ ఉంది. గోడలు ఆ చట్టాన్ని చదివినట్లు లేదు. పత్రికలలో విజయవాడ వైద్యుడు డాక్టర్ జి. సమరం ఈ అపోహలకు తేటతెలుగులో సమాధానాలిచ్చారు. ఆ మాటలు బడి దాకా రాలేదు.

మనసులో వచ్చే మార్పులకు మాటలు మరీ తక్కువ. ఆవేశాలకు స్పందించే మెదడు భాగాలు చురుకైన తరువాత చాలా ఏళ్లకు గాని, వాటిని అదుపుచేసే ముందుభాగం పూర్తి పరిణతి పొందదు. కారణం తెలియని కోపం, సిగ్గు, ఏకాంతం కోరుకోవడం ఈ వ్యవధిలో సహజం. ‘నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మరాదు’ అనే సామెత వింటూ పెరిగిన పిల్లవాడికి దుఃఖాన్ని వెలిబుచ్చే దారి మూసుకుపోయి, కోపం ఒక్కటే అనుమతి ఉన్న భావంగా మిగులుతుంది. సామెత ఆడపిల్లకూ అన్యాయమే చేసిందన్నది స్పష్టం.

ఎవరు చెప్పాలి, ఎప్పుడు?

కేంద్రప్రభుత్వం 2005లో చేపట్టిన కౌమార విద్యా కార్యక్రమాన్ని రెండేళ్లకే పలు రాష్ట్రాలు వ్యతిరేకించాయి. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 10-19 ఏళ్ల ఆడ, మగ పిల్లలిద్దరినీ పరిధిలోకి తెచ్చి, తోటివయసు పిల్లలనే సమాచార వాహకులుగా భావించింది. పాఠ్యపుస్తకంలో ఎనిమిదో తరగతి జీవశాస్త్రం కౌమార దశను వివరిస్తుంది. కాని అప్పటికి చాలామంది మగపిల్లల్లో మార్పు మొదలై ఉంటుంది.

పదేళ్ల వయసులోనే, మార్పు కనబడకముందే చెప్పడం ప్రయోజనకరం. ఆడపిల్ల వేడుకలో మేనమామకు ఒక స్థానం ఉన్నట్లే, మగపిల్లవాడికి ఈ విషయం చెప్పే బాధ్యతను తండ్రి గాని, మేనమామ గాని, ఉపాధ్యాయుడు గాని స్పష్టంగా స్వీకరించాలి. ఉపన్యాసం అక్కరలేదు. ‘ఒకరోజు నిద్రలో బట్ట తడవవచ్చు. అది మూత్రం కాదు, జబ్బు కాదు, నీ తప్పూ కాదు. లేచి కడుక్కుని బట్ట మార్చుకో. ఏదైనా భయం వేస్తే నన్ను అడుగు’ - ఒక సాయంత్రం నడకలో ఈ నాలుగు మాటలు చెప్పవచ్చు, కొన్ని నెలల తరువాత మళ్లీ ఒకసారి చెప్పవచ్చు.