ఆస్టినాబాద్‌లో బిల్లు, హైదరాబాద్‌లో లెక్క: మధ్యలో సముద్రం ఉంటే డేటాబేస్ కలిపేదెలా?

అండమాన్ దీవులకు చెన్నై నుంచి వేసిన సముద్రగర్భ కేబుల్‌ను 2020 ఆగస్టు 10న ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించారు. పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు, ఖర్చు దాదాపు 1,224 కోట్ల రూపాయలు. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌తో పాటు స్వరాజ్ ద్వీప్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, గ్రేట్ నికోబార్ వంటి చోట్లకు ఈ తీగ చేరింది. అంతకుముందు ఇంటర్నెట్ కోసం దీవులు ఉపగ్రహం మీదే ఆధారపడేవి. సినిమాలు ఆగకుండా చూడగలగడం, వీడియో కాల్ తెగకుండా మాట్లాడగలగడం అందరికీ కనిపించిన మార్పులు. పెద్దగా చర్చకు రాని మార్పు మరొకటి ఉంది. ఒక చిన్న వ్యాపారి తన లెక్కల పుస్తకాన్ని దీవిలో కాకుండా ప్రధాన భూభాగంలోని డేటా సెంటర్లో ఉంచుకోవడం ఇప్పుడు ఆచరణలో సాధ్యమే.

సాధ్యమే గానీ, మధ్యలో సముద్రం ఉందన్న సంగతి మరిచిపోతే ఇబ్బందులు తప్పవు. దక్షిణ అండమాన్‌లోని ఆస్టినాబాద్‌లో ఒక కిరాణా హోల్‌సేల్ కొట్టు ఉందనుకుందాం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ కేంద్రపాలిత ప్రాంతంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం. వారిలో ఉత్తరాంధ్ర మూలాలున్న కుటుంబాలు ఎన్నో. ఈ కొట్టుకు సరుకు చెన్నై నుంచో విశాఖ నుంచో ఓడలో వస్తుంది. ఏ సరుకు ఎంత మిగిలిందో తప్పుగా తెలిస్తే, రేపు పొద్దున లారీ పంపి తెప్పించుకునే వీలు లేదు. తర్వాతి ఓడ దాకా ఆగాల్సిందే. కాబట్టి ఇక్కడ స్టాకు లెక్క తప్పడమంటే సరుకు లేకుండా కూర్చోవడమే.

ఆ లెక్కంతా ఇప్పుడు కౌంటరు కింద ఉన్న ఒక కంప్యూటర్లో ఉంది. ఉప్పుగాలి, తేమ, కరెంటు కోతలు దాని ఆయుష్షును తగ్గిస్తూనే ఉంటాయి. బ్యాకప్ తీసిన డిస్కు కూడా అదే గదిలో, చాలాసార్లు అదే బల్ల సొరుగులో ఉంటుంది. 2004 డిసెంబరు 26ను చూసిన దీవుల్లో ఇది ఎంత ప్రమాదమో విడమరచి చెప్పనక్కర్లేదు.

అందుకే మేనేజ్డ్ డేటాబేస్ వైపు చూడటం. పట్టికల రూపంలో, ఒకదానితో ఒకటి ముడిపడేలా సమాచారాన్ని దాచే రిలేషనల్ డేటాబేస్ పద్ధతిని ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో ప్రతిపాదించారు. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ వంటివన్నీ ఆ దారిలో వచ్చినవే. వాటిని అద్దె పద్ధతిలో నడిపిపెట్టే ఆర్‌డీఎస్ అనే సేవను అమెజాన్ 2009లో మొదలుపెట్టింది. గూగుల్, మైక్రోసాఫ్ట్‌లకూ ఇలాంటివి ఉన్నాయి. యంత్రం పాడైతే మార్చడం, సాఫ్ట్‌వేర్‌కు ప్యాచ్‌లు వేయడం, రోజూ బ్యాకప్ తీయడం కంపెనీ పని. పట్టికలను ఎలా అమర్చుకోవాలి, ఎవరిని లోపలికి రానివ్వాలి, ప్రశ్న ఎలా అడగాలి అన్నవి మాత్రం వినియోగదారుడి నెత్తినే ఉంటాయి. ‘మేనేజ్డ్’ అన్న మాట విని ఈ రెండో భాగాన్ని కూడా కంపెనీయే చూసుకుంటుందనుకోవడం దగ్గరే ఎక్కువమంది పొరబడతారు.

మొదట తేల్చుకోవాల్సింది డేటాబేస్‌ను ఏ ఊళ్లో పెట్టాలన్నది. కేబుల్ చెన్నైలో ఒడ్డెక్కుతుంది కనుక దక్షిణాదిలో ఉన్న కేంద్రం సహజంగానే దగ్గర. అమెజాన్‌కు 2016 నుంచి ముంబైలో, 2022 నవంబరు నుంచి హైదరాబాద్‌లో కేంద్రాలున్నాయి. గూగుల్‌కు ముంబై, ఢిల్లీ ఉన్నాయి. మైక్రోసాఫ్ట్‌కు చెన్నైలోనే ఒకటి ఉంది. అయితే ప్రతి కేంద్రంలోనూ అన్ని సేవలూ, అన్ని రకాల యంత్రాలూ దొరకవు కాబట్టి దూరంతో పాటు ఆ జాబితా కూడా చూసుకోవాలి. కొత్తగా ఖాతా తెరిచినవారికి అమెజాన్‌లో హైదరాబాద్ కేంద్రం దానంతటది తెరిచి ఉండదు. ఖాతా సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని విడిగా ఆన్ చేసుకోవాలి. ఇది తెలియక, తెరపై మొదట కనిపించిన అమెరికా కేంద్రంలోనే డేటాబేస్ సృష్టించేసి, ఆనక ‘నెట్ స్లో’ అని తిట్టుకునేవారు ఉంటారు.

దూరం లెక్క ఇలా ఉంటుంది. గాజు తీగలో వెలుతురు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. పోర్ట్‌బ్లెయిర్ నుంచి చెన్నైకి దాదాపు 1,400 కిలోమీటర్లు. అంటే పోయిరావడానికే కనీసం 14 మిల్లీసెకన్లు. అక్కడి నుంచి హైదరాబాద్, మధ్యలో రూటర్లు, చుట్టుదారులు కలుపుకొని లెక్క సులువుగా ఉండటానికి 50 మిల్లీసెకన్లు అనుకుందాం. ఉపగ్రహంతో పోలిస్తే ఇది చాలా తక్కువ. భూస్థిర ఉపగ్రహం భూమికి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ప్రశ్న పైకెక్కి దిగాలి, జవాబు మళ్లీ పైకెక్కి దిగాలి. ఆ ప్రయాణానికే దాదాపు అర సెకను.

యాభై మిల్లీసెకన్లంటే కన్ను మూసి తెరిచేంత సమయం కూడా కాదు. కానీ డేటాబేస్‌తో మాట్లాడటం ఒక్క పోయిరావడంతో పూర్తికాదు. ముందు టీసీపీ కరచాలనం, తర్వాత సంభాషణను రహస్యంగా మార్చే టీఎల్‌ఎస్ ఏర్పాటు, ఆపైన పాస్‌వర్డ్ పరీక్ష. అసలు ప్రశ్న అడిగేలోపే ఐదారు రాకపోకలు అయిపోతాయి. ప్రతి బిల్లుకూ కొత్తగా కనెక్షన్ తెరిచి మూసే సాఫ్ట్‌వేర్ అయితే ప్రతిసారీ పావు సెకనుకు పైగా ఇక్కడే పోతుంది. అంతకన్నా నష్టం చేసే అలవాటు మరొకటుంది. రెండు వందల సరుకుల జాబితా తెరపై చూపించడానికి, ముందు జాబితా అడిగి, తర్వాత ఒక్కో సరుకు ధర కోసం విడివిడిగా రెండు వందల ప్రశ్నలు వేసే ప్రోగ్రాములు కోకొల్లలు. డేటాబేస్ అదే గదిలో ఉన్నప్పుడు ఎవరికీ తేడా తెలియదు. సముద్రం దాటాల్సి వస్తే 200 సార్లు 50 మిల్లీసెకన్లు, మొత్తం పది సెకన్లు. అదే పని రెండు పట్టికలను కలిపి ఒకే ప్రశ్నగా అడిగితే ఒక్క రాకపోకతో తేలిపోతుంది. నెట్ ప్యాకేజీ పెంచినా ఈ పది సెకన్లు తగ్గవు. ఎందుకంటే ఇక్కడ ఇరుకైనది దారి కాదు, పొడవైనది దారి.

కాబట్టి కొట్టులోని కంప్యూటర్ నేరుగా డేటాబేస్‌తో మాట్లాడకపోవడమే మంచిది. బిల్లింగ్ ప్రోగ్రామును కూడా హైదరాబాద్‌లోనే, డేటాబేస్ పక్కనే, అదే ప్రైవేటు నెట్‌వర్క్‌లో ఒక చిన్న సర్వర్ మీద పెట్టాలి. వాటి మధ్య రెండు వందల ప్రశ్నలు నడిచినా ఒక్కోదానికి ఒక మిల్లీసెకను అటూఇటూ. కొట్టు నుంచి ఆ ప్రోగ్రాముకు మామూలు వెబ్‌సైటుకు వెళ్లినట్టే ఒక అభ్యర్థన వెళ్లి, ఒక జవాబు తిరిగొస్తుంది.

ఈ అమరికతో భద్రత సమస్య కూడా చాలావరకు తీరుతుంది. డేటాబేస్ సృష్టించేటప్పుడు ‘పబ్లిక్ యాక్సెస్’ కావాలా అని అడుగుతుంది. ‘వద్దు’ అనాలి. కొట్టు నుంచి నేరుగా కలిపే పద్ధతి ఎంచుకున్నవారు తప్పనిసరై ‘కావాలి’ అంటారు. తర్వాత ఏ చిరునామా నుంచి వచ్చేవారిని అనుమతించాలో సెక్యూరిటీ గ్రూపులో రాయాలి. మామూలు బ్రాడ్‌బ్యాండ్‌లో ఐపీ చిరునామా మారుతూ ఉంటుంది. నిన్న రాసిన చిరునామా ఇవాళ పనిచేయదు. రెండు మూడుసార్లు విసిగాక అక్కడ 0.0.0.0/0 అని రాసేస్తారు. ప్రపంచంలో ఎవరైనా తలుపు తట్టొచ్చు అని దానర్థం. పోస్ట్‌గ్రెస్ 5432, మైఎస్‌క్యూఎల్ 3306 పోర్టుల కోసం రాత్రింబవళ్లు వెతికే ప్రోగ్రాములకు ఆ తలుపు కనబడటానికి ఎక్కువసేపు పట్టదు. డేటాబేస్‌ను లోపల ఉంచి, పక్కనున్న సర్వర్‌కు మాత్రమే అనుమతిస్తే ఈ బాధ ఉండదు. యజమానికో, లెక్కలు చూసే అబ్బాయికో లోపలికి వెళ్లాల్సిన పని పడితే ఆ సర్వర్ మీదుగా టన్నెల్ వేసుకుని వెళ్లొచ్చు.

కలిపేటప్పుడు వాడాల్సింది కంపెనీ ఇచ్చే ఎండ్‌పాయింట్ పేరునే. దాని వెనకున్న ఐపీ అంకెలను ఎక్కడా రాసి పెట్టుకోకూడదు. రెండు జోన్లలో నడిచే డేటాబేస్‌లో ఒక యంత్రం ఆగిపోతే, సాధారణంగా ఒకటి రెండు నిమిషాల్లో అదే పేరు రెండో యంత్రాన్ని చూపిస్తుంది. అంకెలు రాసుకున్నవారు మాత్రం చచ్చిన యంత్రం దగ్గరే ఎదురుచూస్తుంటారు. పోస్ట్‌గ్రెస్ వాడేవారు ఎస్‌ఎస్‌ఎల్‌మోడ్ అనే సెట్టింగును కూడా చూసుకోవాలి. దాని సహజ స్థితి ‘ప్రిఫర్’. అంటే రహస్య సంభాషణ కుదిరితే సరే, కుదరకపోయినా సరే. అవతల ఉన్నది నిజంగా మన డేటాబేసేనా అని అది పరీక్షించదు. ‘వెరిఫై-ఫుల్’ అని పెట్టి, కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్ ఫైలును జతచేస్తేనే ఆ పరీక్ష జరుగుతుంది. ఆ ఫైలుకూ గడువు ఉంటుంది. ఆర్‌డీఎస్ పాత సర్టిఫికెట్ కాలం 2024 ఆగస్టులో ముగిసింది. అప్పటికి ఫైలు మార్చుకోనివారికి ఒక్కసారిగా కనెక్షన్లు ఆగిపోయే పరిస్థితి వచ్చింది.

ఇక అసలు చిక్కు, కేబుల్ తెగిన రోజు ఏం చేయాలన్నది. సముద్రగర్భ తీగలు ఓడ లంగర్లకో, భూకంపాలకో తెగడం ప్రపంచమంతటా ఉన్నదే. కొట్టు మూసుకోలేరు కదా. అందుకే కౌంటరు దగ్గరి కంప్యూటర్లో చిన్న స్థానిక డేటాబేస్ ఒకటి ఉండాలి. ఎస్‌క్యూలైట్ లాంటిది చాలు. బిల్లు ముందు అక్కడ రాసుకుని, దారి తెరుచుకున్నాక వరుసగా హైదరాబాద్‌కు పంపాలి. వినడానికి తేలికే. కానీ సగం దారిలో తెగిన సంభాషణతోనే వస్తుంది తంటా. కొట్టు నుంచి ‘యాభై బస్తాల బియ్యం అమ్మాం’ అని వెళ్లింది. హైదరాబాద్‌లో అది నమోదైంది కూడా. ‘అందింది’ అన్న జవాబు తిరిగొచ్చేలోపు లైను పోయింది. కొట్టులోని ప్రోగ్రాముకు తెలిసింది ఒక్కటే, జవాబు రాలేదు. పాపం, అది మళ్లీ పంపుతుంది. ఇప్పుడు లెక్కలో వంద బస్తాలు పోయాయి. గోదాములో ఉన్న యాభై బస్తాలు తెరమీద లేవు. లేవనుకుని తర్వాతి ఓడకు ఆర్డరు పెడతారు.

దీనికి మందు పాతదే. ప్రతి బిల్లుకూ కొట్టులోనే, పంపకముందే, మరెక్కడా పునరావృతం కాని ఒక గుర్తింపు సంఖ్య ఇవ్వాలి. హైదరాబాద్ పట్టికలో ఆ సంఖ్య మీద యూనిక్ నిబంధన పెట్టాలి. అదే బిల్లు రెండోసారి వస్తే డేటాబేస్ దాన్ని తీసుకోదు. ప్రోగ్రాము దాన్ని లోపంగా కాకుండా ‘ముందే అందింది’ అని అర్థం చేసుకోవాలి. బిల్లు రాయడం, స్టాకు తగ్గించడం రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో జరగాలి. అయితే రెండూ అవ్వాలి, లేదా రెండూ అవకూడదు. బిల్లు నంబరును హైదరాబాద్ డేటాబేసే ఇచ్చేలా పెట్టుకున్న చోట ఈ కిటుకు పనిచేయదు. మళ్లీ పంపిన ప్రతిసారీ అది కొత్త నంబరే ఇస్తుంది మరి.

బ్యాకప్‌ల సంగతి చూస్తే, ఆర్‌డీఎస్‌లో ఆటోమేటిక్ బ్యాకప్‌లను గరిష్ఠంగా 35 రోజులు ఉంచుకోవచ్చు. ఆ వ్యవధిలో దాదాపు ఏ క్షణానికైనా వెనక్కి వెళ్లొచ్చు. కానీ వెనక్కి వెళ్లడమంటే పాత డేటాబేస్ బాగుపడటం కాదు. కొత్త ఎండ్‌పాయింట్‌తో మరో డేటాబేస్ పుడుతుంది. ప్రోగ్రామును అటు మళ్లించాలి. ఆ పని ఎవరు, ఎలా చేస్తారో ఒకసారి చేసి చూసుకోని కొట్టుకు బ్యాకప్ ఉన్నా గంటల తరబడి పని ఆగుతుంది. ఇక బిల్లు గురించి ఒక మాట: డేటాబేస్‌కు ఒకసారి కేటాయించిన స్థలాన్ని పెంచగలరే గానీ నేరుగా తగ్గించలేరు. వాడట్లేదని ఆపినా, ఏడు రోజుల తర్వాత ఆర్‌డీఎస్ దాన్ని తిరిగి ఆన్ చేస్తుంది. మీటరూ తిరుగుతుంది.

రెండు చిన్న విషయాలు తెలుగు కొట్టుకు, అందునా అండమాన్ కొట్టుకు ప్రత్యేకం. మొదటిది అక్షరాలు. ఖాతాదార్ల పేర్లు తెలుగులో రాసుకోవాలంటే మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్8ఎంబీ4 అని ఎంచుకోవాలి. పాత లాటిన్1 పట్టికల్లో పేరు బదులు ప్రశ్నార్థకాలు మిగులుతాయి. పేరు గడికి ఇరవై అక్షరాల పరిమితి పెట్టేవారు కంటికి ఒకటిగా కనిపించే ‘శ్రీ’ని కంప్యూటర్ నాలుగుగా లెక్కపెడుతుందని గుర్తుంచుకోవాలి.

రెండోది గడియారం. క్లౌడ్ డేటాబేస్ మామూలుగా యూటీసీ సమయంలో నడుస్తుంది. మన సమయం దానికి ఐదున్నర గంటలు ముందు. అంటే మనకు తెల్లవారుజామున 5:30 అయితేనే అక్కడ తేదీ మారుతుంది. మిగతా దేశంలో ఆ వేళకు కొట్లు ఇంకా తెరవరు కాబట్టి ఈ తప్పు చాలాచోట్ల బయటపడదు. అండమాన్‌లో వేసవిలో ఐదింటికే తెల్లారిపోతుంది, బేరాలూ మొదలవుతాయి. తేదీని యూటీసీ ప్రకారం తీసుకుంటే ఆ అరగంట అమ్మకాలన్నీ నిన్నటి లెక్కలో పడతాయి. సమయాన్ని జోన్‌తో సహా నిల్వ చేసి, రోజువారీ మొత్తం తీసేటప్పుడు ‘ఆసియా/కోల్‌కతా’ అని చెప్పి తేదీ కట్టించుకుంటే, రాత్రి గల్లాపెట్టెలో లెక్కించిన డబ్బుకూ తెరమీద అంకెకూ తేడా రాదు.