దీవిలో కాసేపు: ఏం చూద్దాం?

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ పిల్లలు సెలవు దొరికితే సాగర్ రోడ్డు మీద బస్సెక్కుతారు. సుమారు 150 కిలోమీటర్లు వెళ్తే నాగార్జునసాగర్. అక్కడ లాంచీ ఎక్కితే నాగార్జునకొండ దీవి. లాంచీ అక్కడ ఆగేది కొద్దిసేపే. ఆ కాస్తలో ఏం చూడాలి?

"నీళ్ళలో దిగుదాం!" అంటారు మీలో చాలామంది. ఆగండి! ఇది బాపట్ల దగ్గరి సూర్యలంక కాదు. అక్కడ అలలు ఇసుకను పరచి, ఒడ్డును మెల్లగా వాలేట్టు చేస్తాయి. మరి ఇక్కడో? ఇది ఒక కొండ తల! 1955లో పునాదిరాయి పడిన ఆనకట్ట వెనుక నీరు నిలిచాక లోయ మునిగింది, శిఖరం మిగిలింది. అంటే ఒడ్డున మీ కాలికింద ఉన్నది కొండవాలు. నాలుగడుగులు జారితే నిలువు లోతు రావచ్చు. అల లేదు కదా అని నమ్మకండి. పైగా జలాశయం మట్టం (నిండితే 590 అడుగులు) తగ్గితే నిన్నటి ఒడ్డు నేడు బురద.

కనుక మ్యూజియం వైపు నడవండి. 1954-60 మధ్య పురావస్తు శాఖవారు లోయను తవ్వి, ఇక్ష్వాకుల రాజధాని విజయపురిని వెలికితీశారు. కొన్ని కట్టడాలను విప్పి కొండపైన తిరిగి పేర్చారు. ఆనాటి స్తూపాల పునాది గమ్మత్తుగా ఉంటుంది: బండిచక్రంలా ఆకులు! వాటి మధ్య మట్టి నింపితే సరి, ఇటుక ఎంత కలిసి వస్తుందో చూశారా?

తిరిగి వచ్చాక వేళ ఉంటే అనుపు వెళ్ళండి. రంగస్థలం నడుమ ఒకరు మాట్లాడండి, పైమెట్టు మీద మిగిలినవారు వినండి. అన్నట్టు, మ్యూజియానికి శుక్రవారం సెలవు.